బ్యారెల్ ప్రూఫ్ బర్బన్‌ను రుచి చూసి, ధరకు తగినదో కాదో తేల్చుకోవడం ఎలా?

బర్బన్ అంటే ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ, బ్యారెల్ ప్రూఫ్ అంటే పీపా నుంచి దించాక దాదాపుగా నీళ్ళు కలపకుండా సీసాలో నింపినది. అలా ఆల్కహాల్ గాఢత 60 శాతం దాటిన సీసా కొని, మొదటి గుక్కకే గొంతు మండిపోయి, "ఇందులో రుచి ఎక్కడ ఉంది, దీనికి ఇంత ధర ఎందుకు?" అని అడిగే పాఠకులు చాలామంది ఉన్నారు. అదే సీసా తాగి, ఇంతకు మించిన సరుకు లేదని చెప్పేవారూ ఉన్నారు. నా దృష్టిలో ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. మొదటివారికి మంట అడ్డుపడి రుచి అందడం లేదు, రెండోవారు మంటనే రుచి అనుకుంటున్నారు. మంటను, రుచిని విడదీసి చూశాక మాత్రమే ధర సంగతి మాట్లాడడానికి వీలవుతుంది. అందుకు నేను అనుసరించే పద్ధతిని వరుసగా చెబుతున్నాను. దీనికి రెండు సాయంత్రాలు, వాటి మధ్య రెండు మూడు వారాల వ్యవధి కావాలి.

మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. గర్భిణులు, నిద్రమాత్రల వంటి మత్తు కలిగించే మందులు వాడుతున్నవారు, ఆ తర్వాత వాహనం నడపవలసినవారు ఈ పనికి దూరంగా ఉండాలి. 60 శాతం గాఢత ఉన్న మద్యం నుంచి వచ్చే ఆవిరి మామూలు గది వేడిమిలోనే అంటుకోగలదు కాబట్టి, బల్ల మీద కొవ్వొత్తి గాని, దగ్గరలో సిగరెట్టు గాని ఉండకూడదు.

కావలసినవి

- పరీక్షించదలచిన సీసా.
- పోలిక కోసం సుమారు 45 నుంచి 50 శాతం గాఢత గల మరొక బర్బన్. అది అదే డిస్టిలరీదైతే మరీ మంచిది. బ్యారెల్ ప్రూఫ్ రకాల్లో రేర్ బ్రీడ్‌కు వైల్డ్ టర్కీ 101, మేకర్స్ మార్క్ క్యాస్క్ స్ట్రెంత్‌కు (బ్యారెల్ ప్రూఫ్‌కే ఇది మరో పేరు) మామూలు మేకర్స్ మార్క్, ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్‌కు ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్ సరైన జోడీలు.
- అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండే ఒకే రకం గ్లాసులు మూడు. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకోసం చేసినదే. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసులు సరిపోతాయి. నిటారు గోడల వెడల్పు గ్లాసులో వాసన నిలవదు.
- సూది లేని 10 మి.లీ. సిరంజి ఒకటి. ఈ జాబితాలో తప్పనిసరి వస్తువు ఏదైనా ఉందంటే అది ఇదే.
- క్లోరిన్ వాసన రాని, ఖనిజాలు తక్కువగా ఉన్న నీరు. డిస్టిల్డ్ వాటర్ అయినా మంచిదే.
- ఉప్పు లేని బిస్కెట్లు, ఉమ్మడానికి ఒక కప్పు, కాగితం, కలం.
- రెండో సాయంత్రానికి, మీకు కనబడకుండా గ్లాసులు నింపిపెట్టే మనిషి ఒకరు.

1. లేబుల్ మీది మాటలకు ఎంత బరువు ఉందో తెలుసుకోండి

అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. 124 ప్రూఫ్ అంటే 62 శాతం. బర్బన్ అని పిలవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, బట్టీ పట్టినప్పుడు 160 ప్రూఫ్ దాటకూడదు, లోపలివైపు మాడ్చిన కొత్త ఓక్ పీపాలోకి 125 ప్రూఫ్‌కు మించకుండా పోయాలి, 80 ప్రూఫ్‌కు తగ్గకుండా సీసాలో నింపాలి. నీరు తప్ప రంగు గాని, రుచి గాని కలపకూడదు.

125 ప్రూఫ్‌తో లోపలికి వెళ్ళింది 132 ప్రూఫ్‌తో బయటికి ఎలా వస్తుందనే సందేహం చాలామందికి కలుగుతుంది. బర్బన్‌కు పేరుపడ్డ కెంటకీ రాష్ట్రపు గోదాముల పై అంతస్తుల్లో వేసవి వేడి చాలా ఎక్కువగా ఉంటుంది. అక్కడ పీపా చెక్కలోంచి ఆల్కహాల్ కంటే నీరే ఎక్కువగా ఆవిరైపోతుంది కాబట్టి, మిగిలిన సరుకు గాఢత ఏటేటా పెరుగుతుంది. చల్లటి కింది అంతస్తుల్లో ఆ పెరుగుదల ఉండకపోవచ్చు, తగ్గనూ వచ్చు. అంటే లేబుల్ మీది పెద్ద అంకె ప్రధానంగా ఆ పీపా ఎక్కడ ఉంది, ఎన్నేళ్ళు ఉంది అన్న సంగతినే చెబుతుంది. చేసినవాడి నైపుణ్యానికి అది కొలత కాదు. మేకర్స్ మార్క్ తన పీపాల్లోకి 110 ప్రూఫ్‌తోనే పోస్తుంది కాబట్టి, దాని క్యాస్క్ స్ట్రెంత్ సీసా సహజంగానే మిగిలినవాటి కంటే తక్కువ అంకె చూపుతుంది. అంతమాత్రాన దాన్ని పలచబరిచారని అనుకోకూడదు.

లేబుల్ మీద కొన్ని మాటలకు చట్టపరమైన అర్థం ఉంది, కొన్నింటికి లేదు. "బ్యారెల్ ప్రూఫ్" అన్నప్పుడు, పీపా నుంచి దించినప్పటి ప్రూఫ్‌కూ సీసాలోని ప్రూఫ్‌కూ మధ్య తగ్గుదల 2 డిగ్రీలకు మించకూడదు. "ఫుల్ ప్రూఫ్" వేరు. ఉదాహరణకు వెల్లర్ ఫుల్ ప్రూఫ్‌ను పీపాలోకి పోసినప్పటి 114 ప్రూఫ్‌కు తగ్గించి సీసాలో నింపుతారు. "బాటిల్డ్ ఇన్ బాండ్" అంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజనులో తయారై, కనీసం 4 ఏళ్ళు ప్రభుత్వ పర్యవేక్షణ గల గోదాములో ఉండి, సరిగ్గా 100 ప్రూఫ్‌తో నింపిన సరుకు. "స్ట్రెయిట్" అని ఉండి వయసు రాసి లేకపోతే, అందులోని సరుకు కనీసం 4 ఏళ్ళదని భావించవచ్చు, ఎందుకంటే అంతకంటే చిన్నదైతే వయసు రాయడం తప్పనిసరి. వయసు రాసి ఉంటే అది అందులో కలిసిన పీపాలన్నింటిలో అతి చిన్నదాని వయసు. "స్మాల్ బ్యాచ్" అనే మాటకు మాత్రం చట్టంలో ఏ నిర్వచనమూ లేదు, దానికోసం అదనంగా ఒక్క డాలరు కూడా చెల్లించనవసరం లేదు.

లేబుల్ వెనకవైపు "డిస్టిల్డ్ ఇన్" అనే మాట వెతకండి. ముందువైపు ఎంత కెంటకీ సొగసు ఉన్నా, వెనక ఇండియానా అని మరో రాష్ట్రం పేరు ఉంటే, సరుకు కాచినవారు వేరు, అమ్ముతున్నవారు వేరు అని అర్థం. అది లోపం కాదు, కాని లేబుల్ మీది పేరు చూసి ధర చెల్లించేవారు తెలుసుకోవలసిన విషయం.

2. నోటిని, ముక్కును సిద్ధంగా ఉంచుకోండి

రుచి చూడడానికి గంట ముందు నుంచి కాఫీ, కారం, పొగ మానేయండి. పళ్ళు తోముకున్న వెంటనే కూర్చోకండి. ఖాళీ కడుపుతోనూ కూర్చోకండి. సెంటు రాసుకోకండి, గ్లాసు కడిగిన సబ్బు వాసన పూర్తిగా పోయేలా వేడినీళ్ళతో తొలిచి ఆరబెట్టండి. గ్లాసుకు అంటుకున్న సబ్బు వాసనను "పూల పరిమళం" అని రాసుకున్న రోజు నా కాగితాల్లో ఒకటి ఉంది.

3. మూడు గ్లాసుల్లో 10 మి.లీ. చొప్పున కొలిచి పోయండి

ఎక్కువమంది ఒకే గ్లాసులో పోసుకుని, కొంచెం తాగి, తర్వాత నీళ్ళు కలుపుతారు. అప్పటికి గ్లాసులో ఎంత మిగిలిందో తెలియదు కాబట్టి, కలిపిన నీళ్ళకు లెక్క ఉండదు. అందుకే మొదటే సిరంజితో మూడు గ్లాసుల్లోనూ సమానంగా పోయాలి. మొదటి గ్లాసులో నీళ్ళు కలపకూడదు. రెండోదాన్ని 50 శాతానికి, మూడోదాన్ని 45 శాతానికి తగ్గించాలి.

లెక్క తేలికే. సరుకు పరిమాణాన్ని దాని శాతంతో గుణించి, మీకు కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం పరిమాణం వస్తుంది. అందులోంచి మొదట పోసినది తీసివేస్తే మిగిలేది కలపవలసిన నీరు. 10 మి.లీ. సరుకుకు లెక్క ఇలా ఉంటుంది.

- 55 శాతం ఉన్నదాన్ని 50కి తెచ్చేందుకు 1 మి.లీ., 45కి తెచ్చేందుకు 2.2 మి.లీ. నీరు.
- 58 శాతానికి వరుసగా 1.6, 2.9 మి.లీ.
- 62 శాతానికి 2.4, 3.8 మి.లీ.
- 65 శాతానికి 3, 4.4 మి.లీ.

ఆల్కహాల్, నీరు కలిసినప్పుడు మొత్తం పరిమాణం కొద్దిగా కుదించుకుపోతుంది గాని, మన పనికి ఆ తేడాను పట్టించుకోనక్కరలేదు. 62 శాతం సరుకు మూడు గ్లాసుల్లో కలిపి 30 మి.లీ. అయితే, అందులోని శుద్ధ ఆల్కహాల్ 18.6 మి.లీ. అమెరికా ప్రభుత్వం ఒక ప్రామాణిక డ్రింకుగా లెక్కించే పరిమాణానికి ఇది కొంచెం ఎక్కువ. ఒక సాయంత్రానికి ఒక సీసా పరీక్ష చాలు. రెండో సీసా మొదలుపెడితే నాలుక అప్పటికే మొద్దుబారి ఉంటుంది, తీర్పు నమ్మదగినదిగా ఉండదు.

పోసిన తర్వాత మూడు గ్లాసులనూ 10 నుంచి 15 నిమిషాలు కదపకుండా వదిలేయండి.

సిరంజి దొరకకపోతే 5 మి.లీ. కొలత ఉన్న మందు చెంచా వాడవచ్చు. అయితే 50 శాతం గ్లాసును మానేసి, నీళ్ళు లేనిది, 45 శాతానికి దగ్గరగా ఉన్నది అనే రెండింటితోనే సరిపెట్టుకోండి, ఎందుకంటే చెంచాతో అంతకంటే సన్నని తేడాలు కొలవడం సాధ్యం కాదు.

4. ముందు వాసన చూడండి, అదీ దూరం నుంచి

వైన్ తాగే అలవాటు ఉన్నవారు గ్లాసును గిరగిరా తిప్పి ముక్కు లోపల పెట్టేస్తారు. ఇంత గాఢత ఉన్న సరుకుతో అలా చేస్తే, ఎగసిన ఆల్కహాల్ ఆవిరి ముక్కును కొన్ని నిమిషాల పాటు పనికిరాకుండా చేస్తుంది. గ్లాసును గడ్డం ఎత్తులో పట్టుకుని, పెదవులు కొద్దిగా తెరిచి, చిన్నగా గాలి పీల్చండి. మంట తగలని దూరం తెలిసిన తర్వాత అక్కడే ఆగండి. 45 శాతం గ్లాసుతో మొదలుపెట్టి, నీళ్ళు లేని గ్లాసుతో ముగించడం మంచిది.

వాసనలకు పేర్లు పెట్టడంలో కవిత్వం అవసరం లేదు. వనిల్లా, కొబ్బరి, లవంగం వాసనలు ప్రధానంగా ఓక్ చెక్క నుంచి వస్తాయి. లవంగంలో ఉండే యూజెనాల్ అనే పదార్థమే మాడ్చిన ఓక్‌లోనూ ఉంటుంది కాబట్టి, ఆ పోలిక ఊహ కాదు. అరటిపండు వంటి పళ్ళ వాసనలు పులియబెట్టే దశలో పుడతాయి. గోళ్ళరంగు వాసన ఎక్కువగా ఉండి, 15 నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే దాన్ని లోపంగానే రాసుకోండి. ముక్కు అలసిపోయినట్టనిపిస్తే మీ ముంజేతి చర్మాన్నే వాసన చూసి, రెండు నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. కాఫీ గింజలు వాసన చూడాలనే సలహా వినిపిస్తుంటుంది గాని, అది ఒక వాసన మీద మరొక ఘాటైన వాసన వేయడమే అవుతుంది.

5. మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి

నీళ్ళు కలపని గ్లాసులోంచి అర మి.లీ. మాత్రమే, అంటే నాలుక తడిసేంత తీసుకుని, నోరంతా తిప్పి మింగండి లేదా ఉమ్మేయండి. ఈ గుక్క నోటిని అలవాటు చేయడానికే, దీని గురించి ఒక్క మాట కూడా రాయకండి. మిరపకాయ కారాన్ని, నోరు కాలే వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా తట్టిలేపుతుంది. అది రుచి కాదు, నొప్పి సంకేతం. నిమిషం ఆగాక తీసుకునే రెండో గుక్కలోనే అసలు సంగతి తెలుస్తుంది.

రెండో గుక్కలో మూడింటిని విడివిడిగా గమనించండి. మొదటిది మంట: అది నాలుక మీద ఉందా, గొంతులో ఉందా, ఎంతసేపట్లో తగ్గుతోంది? రెండోది వగరు: చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం పొడిబారి పట్టేసినట్టుంటే అది చెక్కలోని టానిన్ల పని. మూడోది చేదు: ఇది ఆలస్యంగా తెలుస్తుంది. కొత్తవారు వగరునూ చేదునూ కలిపి "ఘాటు" అని రాసేస్తారు, చివరికి ఆ సీసాలో దేన్ని మెచ్చుకున్నారో, దేన్ని తప్పుపట్టారో వారికే తెలియదు.

మింగిన తర్వాత గడియారం చూడండి. మంట చల్లారిన తర్వాత తీపి, మసాలా, చెక్క రుచుల్లో ఏదైనా నోట్లో ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. మంట ఉన్నంతసేపు లెక్కించకండి, అది గాఢత ఉన్న ప్రతి సరుకులోనూ ఉంటుంది.

6. నీళ్ళు కలిపిన గ్లాసుల దగ్గరికి రండి

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది, అందుకని కొంచెం ఎక్కువగా చెబుతాను.

నీళ్ళు కలపడం చేతకానితనమని భావించేవారు ఉన్నారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు, విస్కీకి పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అనే పదార్థం నీరు, ఆల్కహాల్ మిశ్రమంలో ఎలా నడుచుకుంటుందో కంప్యూటరు మీద లెక్కగట్టారు. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు అది ద్రవం ఉపరితలానికి చేరుతోందని, 59 శాతం దాటినప్పుడు ఆల్కహాల్ అణువుల నడుమ లోపలే ఉండిపోతోందని తేలింది. ఒక్క పదార్థం గురించిన లెక్క కాబట్టి దీన్ని అన్ని రుచులకూ వర్తింపజేయకూడదు గాని, నీళ్ళు పోస్తే వాసన విచ్చుకుంటుందనే అనుభవానికి ఇది పొసగుతుంది.

50 శాతం గ్లాసును, తర్వాత 45 శాతం గ్లాసును పై పద్ధతిలోనే రుచి చూడండి. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: నీళ్ళతో పాటు ఏమి పోయింది, ఏమి మిగిలింది?

45 శాతం దగ్గర కూడా నోరు నిండినట్టుండి, తీపి నిలిచి, కొత్తగా ఒకటి రెండు రుచులు బయటపడితే, ఆ సీసాలో నిజంగానే సారం ఉంది. నీళ్ళతో పాటే రుచీ కొట్టుకుపోయి, పలచని చెక్క కషాయం లాంటిది మిగిలితే, మీరు మెచ్చుకున్నది మంటను మాత్రమే. పచ్చి మొక్కజొన్న పిండి వాసన, గోళ్ళరంగు వాసన పైకి తేలితే సరుకు ఇంకా పక్వానికి రాలేదని అర్థం. ఎక్కువ గాఢత వాటిని కప్పిపుచ్చింది. వగరు మాత్రమే మిగిలితే అది పీపాలో ఉండవలసినదానికంటే ఎక్కువ కాలం ఉందన్నమాట. కొన్ని సీసాలు 50 దగ్గర అద్భుతంగా ఉండి, 45 దగ్గర కూలిపోతాయి. వాటిని తక్కువ చేయనవసరం లేదు, 50 దగ్గరే తాగితే సరి.

ఒకసారి 66 శాతానికి పైబడిన సీసా ఒకటి, కేవలం ఆ అంకె చూసి కొన్నాను. ఆ రోజు కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీళ్ళు కలపని గ్లాసు ఎదురుగా ఎండుద్రాక్ష, మాడిన చక్కెర, తోలు అంటూ ఎనిమిది మాటలు ఉన్నాయి. 45 శాతం గ్లాసు ఎదురుగా రెండే ఉన్నాయి: "తడి చెక్క."

నీళ్ళు కలిపాక ద్రవం కొద్దిగా మసకబారితే కంగారుపడకండి. చల్లబరిచి వడకట్టని సరుకులో మిగిలే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు, గాఢత 46 శాతం కంటే తగ్గినప్పుడు అలా మసకగా కనిపించవచ్చు. అది కల్తీకి గుర్తు కాదు.

మంచు ముక్కల సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. ఇష్టంగా తాగేటప్పుడు నిరభ్యంతరంగా వేసుకోండి. పరీక్షలో మాత్రం వద్దు, ఎందుకంటే చల్లదనం వాసనను అణిచేస్తుంది, కరుగుతున్న కొద్దీ గాఢత మారిపోతూ ఉంటుంది.

7. రెండు మూడు వారాల తర్వాత, సీసా పేరు తెలియకుండా పోల్చండి

ధర, లేబుల్, మైనపు ముద్ర మన నాలుకను ఎంతగా లొంగదీస్తాయో ఈ అంకంలోనే తెలుస్తుంది. సహాయకుడు రెండు బర్బన్లనూ ముందుగానే 45 శాతానికి తగ్గించి సిద్ధం చేయాలి. పోలిక సీసా 50 శాతమైతే దానికీ నీళ్ళు కలపాలి, అప్పటికే 45 శాతంలో ఉంటే అలాగే ఉంచాలి. ఒకదాన్ని 62 దగ్గర, మరొకదాన్ని 50 దగ్గర ఉంచి పోల్చడమే అందరూ చేసే తప్పు. అలా చేస్తే ఏది ఎక్కువ మండుతుందో కళ్ళు మూసుకునైనా చెప్పవచ్చు, అది పోటీ కాదు.

మూడు గ్లాసుల్లో 5 మి.లీ. చొప్పున పోయించుకోండి. రెండింటిలో ఒకే బర్బన్, మూడోదానిలో వేరేది ఉండాలి. రంగు తేడా కనిపెట్టకుండా గ్లాసులకు కాగితం చుట్టండి. వేరుగా ఉన్నది ఏదో చెప్పండి, తర్వాత మీకు నచ్చింది ఏదో చెప్పండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి, ఒక్కసారితో ఆగకూడదు. మూడుసార్లు చేసి మూడుసార్లూ సరిగ్గా చెబితే, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం 27లో ఒకటి మాత్రమే. మూడు విడతలూ పూర్తయ్యేలోగా 45 మి.లీ. నోట్లోకి వెళుతుంది కాబట్టి, ఈ పరీక్షలో ఉమ్మడం తప్పనిసరి.

తేడా చెప్పలేకపోతే చిన్నబుచ్చుకోకండి. ఇకపై చౌకది కొనుక్కోవచ్చు. పైన చెప్పిన 66 శాతం సీసా విషయంలో నాకు జరిగింది అదే. తేడా మూడుసార్లూ చెప్పగలిగాను గాని, మూడుసార్లూ నచ్చినది సగం ధర కూడా లేని రెండోది.

సహాయకుడు లేకపోతే గ్లాసుల అడుగున గుర్తులు అంటించి, కళ్ళు మూసుకుని వాటి స్థానాలు మార్చుకోవచ్చు. అంత కట్టుదిట్టంగా ఉండదు గాని, ఏమీ లేనిదానికంటే మేలు.

8. ఇప్పుడు ధర లెక్క వేయండి

ముందుగా శుద్ధ ఆల్కహాల్ లెక్కన ధర తేల్చండి. ఉదాహరణకు 750 మి.లీ. సీసా, 62 శాతం, ధర 60 డాలర్లు అనుకుందాం. అందులో శుద్ధ ఆల్కహాల్ 465 మి.లీ. ఉంటుంది. అంటే 100 మి.లీ.కి 12.90 డాలర్లు పడుతుంది. పోలిక సీసా 50 శాతం, ధర 30 డాలర్లు అయితే, అందులో 375 మి.లీ. ఉంటుంది, 100 మి.లీ.కి సరిగ్గా 8 డాలర్లు.

ఇక్కడితో ఆగిపోతే లెక్క సగమే అయినట్టు. చౌక సీసా రేటుకే గాఢమైనదాన్ని అమ్మితే దాని ధర ఎంత ఉండాలి? 465 మి.లీ.ని 100 మి.లీ.కి 8 డాలర్ల చొప్పున లెక్కిస్తే 37 డాలర్ల 20 సెంట్లు. మీరు చెల్లించినది 60. మిగిలిన 22 డాలర్ల 80 సెంట్లు గాఢత కోసం పెట్టినది కాదు. వయసు కోసం, ఎంపిక చేసిన పీపాల కోసం, కొరత కోసం, పేరు కోసం పెట్టినది. ఏడో అంకంలో పేరు తెలియకుండా మీకు నచ్చింది ఏదో ఇప్పుడు గుర్తుచేసుకోండి. ఆ తేడాకు 22 డాలర్ల 80 సెంట్లు ఇవ్వడానికి మీరు సిద్ధమేనా? ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పగలిగితే విలువ తేలినట్టే.

ధర దగ్గర మరొక చిక్కు ఉంది. తయారీదారు సూచించే ధర వేరు, దుకాణదారు వేసే ధర వేరు. వర్జీనియా, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో అమ్మకం ప్రభుత్వం చేతిలో ఉంటుంది కాబట్టి, అరుదైన సీసాలు కూడా నిర్ణీత ధరకే, తరచుగా లాటరీ పద్ధతిలో దొరుకుతాయి. ప్రైవేటు దుకాణాలున్న చోట అదే సీసా ఎన్నో రెట్లు పలుకుతుంది. జార్జ్ టి. స్టాగ్ వంటి అరుదైన బర్బన్ల విషయంలో ఆ తేడా మరీ ఎక్కువ. తిరిగి అమ్ముకుంటే ఎంత వస్తుందనే లెక్కను రుచి లెక్కలోకి రానివ్వకండి. లైసెన్సు లేనివారి దగ్గర కొనడం చట్టపరంగా చిక్కులు తెచ్చిపెట్టడమే కాకుండా, ఖాళీ సీసాల్లో చౌక సరుకు నింపి అమ్మే మోసానికి దారి తీస్తుంది.

కొనక ముందే తేల్చుకోవాలనుకునేవారికి బార్ మంచి ప్రత్యామ్నాయం. 750 మి.లీ. సీసాలో ఒక ఔన్సు చొప్పున సుమారు 25 పెగ్గులు వస్తాయి. ఒక ఔన్సు అడిగి, పక్కన విడిగా రెండు ఖాళీ గ్లాసులు, నీళ్ళు తెప్పించుకుంటే 3వ అంకం నుంచి 6వ అంకం వరకు అక్కడే పూర్తిచేయవచ్చు. సిరంజి తీసినప్పుడు పక్కవారు చూసే చూపులకు మాత్రం సిద్ధపడి వెళ్ళండి.

9. ఏ బ్యాచ్ గురించి తీర్పు చెప్పారో రాసి ఉంచండి

"ఆ బర్బన్ బాగుంటుందా?" అనే ప్రశ్నకు చాలాసార్లు సమాధానం ఉండదు, ఎందుకంటే బ్యారెల్ ప్రూఫ్ సరుకు బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది. ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ మీద ఉండే సంకేతంలో అక్షరం ఆ ఏడాదిలో ఎన్నో బ్యాచ్ అన్నది, తర్వాతి అంకె నెలను, చివరి రెండు అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. ఏ124 అంటే 2024 జనవరిలో వచ్చిన మొదటి బ్యాచ్. గాఢత కూడా బ్యాచ్‌తో పాటే మారుతుంది కాబట్టి, నీళ్ళ లెక్క ప్రతిసారీ కొత్తగా వేయాలి. నిరుడు నచ్చిన సీసా ఈ ఏడు నచ్చకపోతే మీ నాలుకను అనుమానించే ముందు ఈ సంకేతాన్ని చూడండి. ఇతరుల అభిప్రాయం చదివేటప్పుడూ ఇదే సూత్రం.

10. ఫలితాన్ని మళ్ళీ సరిచూసుకోండి

సీసా తెరిచిన రోజున చెప్పిన తీర్పును నేను నమ్మను. సగం అయ్యాక ఒకసారి, పావు భాగం మిగిలినప్పుడు మరొకసారి, పాత కాగితం చూడకుండా కొత్తగా రాసి పోల్చండి. గాలి తగిలిన కొద్దీ ముక్కుకు తగిలే పదును తగ్గి, సరుకు మెత్తబడడం మామూలే. మొదట లేని పళ్ళ రుచి తర్వాత కనిపించవచ్చు, మొదట ఉన్న చురుకుదనం పోనూ వచ్చు. మూడు కాగితాల్లోనూ ఉన్న మాటలే ఆ సీసా అసలు గుణం. ఒక్క కాగితంలోనే ఉన్నవి ఆ రోజు వాతావరణానివో, మీ మనఃస్థితివో అయి ఉంటాయి.

సీసాలో మూడో వంతు కంటే తక్కువ మిగిలితే చిన్న గాజు సీసాలోకి మార్చండి. ఏ సీసానైనా నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ఇంత గాఢమైన ఆల్కహాల్ కార్కును తినేస్తుంది, ఆ ముక్కలు, వాటి వాసన సరుకులో కలుస్తాయి.

చివరగా ఒక తనిఖీ. నీళ్ళు కలపని గ్లాసును ఆ రాత్రి కడగకండి. ఆల్కహాల్ అంతా ఆరిపోయాక, ఉదయాన్నే, నోట్లో ఇంకా ఏమీ వేసుకోకముందు, దాన్ని వాసన చూడండి. అడుగున ఎండిపోయిన పొరలోంచి వనిల్లా, మాడిన చక్కెర, పొడి చెక్క వాసనలు ఇంకా స్పష్టంగా వస్తుంటే, రాత్రి మీరు రాసుకున్న మంచి మాటలను ఉంచండి. తడిసిన అట్టముక్క వాసన మాత్రమే వస్తుంటే ఎనిమిదో అంకంలోని ధర లెక్కను మరొకసారి చూసుకుని, ఆ తర్వాతే గ్లాసు కడగండి.